అమ్మవారున్న ఇంట్లో పోపు

నిన్న మధ్యాహ్నం మా వంటింట్లో పొయ్యి మీద మూకుడు పెట్టి, వెన్న వేసి, ఎల్లిగడ్డ రెబ్బలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అరవై అయిదు దాటిన మనిషిని. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని. రోగక్రిములంటే ఏమిటో, టీకా ఎలా పనిచేస్తుందో నల్లబల్ల మీద బొమ్మలు వేసి మరీ చెప్పాను. అయినా చేయి కదల్లేదు.

సెలవులకు మనవరాలు జనగామ వచ్చింది. దాని హాస్టల్ గదిలో భూటాన్ పిల్ల ఒకతె ఉంటుందట. ఆ అమ్మాయి తన ఊరి పిండి ఒక పొట్లం, ఎండబెట్టిన ఆకుకూర ఒక పొట్లం కట్టి ఇచ్చిందని సంచిలోంచి తీసి చూపించింది. పిండి బూడిద రంగులో ఉంది. వాసన చూస్తే తడిసి ఆరిన మట్టి గుర్తొచ్చింది. బక్‌వీట్ అంటారట. ఉత్తరాది వాళ్ళు ఉపవాసాలకు తినే కుట్టు పిండి ఇదేనట. దాన్ని వేణ్ణీళ్ళతో కలిపి, పలచగా ఒత్తి, మధ్యలో ఆకుకూర, పనీరు, నువ్వులు, అల్లం, ఎల్లిగడ్డ పెట్టి, సగం చందమామలా మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. పేరు హోంతే. వాళ్ళ చలి కొండల్లో కొత్త సంవత్సరానికి ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకుంటారని చెప్పింది.

"కుడుములే గద బిడ్డా" అన్నాను.

"కుడుములే అమ్మమ్మా. కాకపోతే భూటాన్ కుడుములు" అని నవ్వింది. "నేను పిండి ఒత్తుత. నువ్వు జర ఆ కూరను ఎల్లిగడ్డ వేసి గోలించు."

అక్కడే ఆగిపోయాను. మా వంటింటి గోడకు అవతల పక్కవాళ్ళ ఇల్లు. వాళ్ళ పిల్లవాడికి ఆటలమ్మ పోసి నాలుగు రోజులైంది. గుమ్మానికి వేపమండ కట్టారు. ఈ కిటికీలోంచి వెళ్ళిన వాసన ఆ కిటికీలోకే పోతుంది.

"పోపు వద్దు బిడ్డా. పక్కింట్ల అమ్మవారున్నది."

అది నా మొహంలోకి వింతగా చూసింది. "అమ్మమ్మా, అది వైరస్. నువ్వు సైన్సు టీచర్‌వి."

"వైరసే. నేనెప్పుడు కాదన్న? కని పోపు వద్దు."

మంచి పిల్ల, వాదించలేదు. "సరే తియ్యి, గోలించకుంటనే కలుపుత. ఆవిరికే ఉడుకుతది" అని మూకుడు దింపేసింది. తర్వాత నా చేతిలో అలాగే ఉన్న రెబ్బలు చూసి, "గింత భయమెందుకు నీకు?" అంది.

ఆ రెబ్బలు దాని దోసిట్లో పోశాను. మా ఊళ్ళో దీన్ని భయమనేవాళ్ళు కాదు, బుగులు అనేవాళ్ళు. నాది తొమ్మిదేళ్ళ వయసులో పట్టుకున్న బుగులు.

అప్పుడు మేం మానుకోటలో ఉండేవాళ్ళం. ముందు బాపు దుకాణం, వెనక ఇల్లు. మధ్యలో ఒక్క గోనె పరదా. వీధి వైపు నుంచి ఇంట్లోకి రావాలంటే బెల్లం గడ్డలు, చింతపండు తట్టలు, మిరపకాయ బస్తాలు దాటుకుని రావాలి. మిరపకాయల కాలం వచ్చిందంటే వాడకట్టు మొత్తం తుమ్మేది. కొత్తగా వచ్చిన చుట్టాలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే, మమ్మల్ని చూసి బెంగతో ఏడుస్తున్నారని అవ్వ వేళాకోళం చేసేది.

అవ్వ అంటే మా నాయనమ్మ, బాపును కన్నతల్లి. పొట్టిగా, నల్లగా, చెవులకు బరువైన కమ్మలతో ఉండేది. ఆమెకు ప్రపంచంలో దేవుడి తర్వాత ఎల్లిగడ్డే. పొద్దున్నే రోట్లో ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, ఉప్పు వేసి నూరి, ఆ ముద్దను జొన్నరొట్టెకు రాసుకుని తినేది. "ఉల్లి చేసిన మేలు తల్లి చెయ్యదంటరు. ఎల్లి చేసిన మేలు ఆ ఇద్దరు కలిసినా చెయ్యరు" అనేది. ఆమె పక్కలో పడుకుంటే ఆ వాసనే. మాకు అది నిద్ర వాసన.

ఆ ఎండాకాలం నా చెల్లెకు జ్వరం వచ్చింది. దానికి అయిదేళ్ళు. మూడో రోజుకు మొహమంతా ఎర్రగా తట్టు లేచి, మెడ మీదికి, పొట్ట మీదికి దిగింది. అవ్వ దాని చొక్కా పైకెత్తి చూసి, రెండు చేతులూ జోడించింది. "తల్లి వచ్చింది" అంది. అంతే, ఇంట్లో గొంతులన్నీ తగ్గిపోయాయి.

ఆ రోజు నుంచి ఇల్లు మాది కాదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. చెల్లెను వేపాకు పరిచి పడుకోబెట్టారు. మాకు తల దువ్వడం లేదు, నూనె లేదు. బయటి నుంచి ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కోవలసిందే. చెల్లెను కసరకూడదు. కసిరితే తల్లిని కసిరినట్టే. అన్నిటికన్నా పెద్ద కట్టడి వంటింట్లో. పోపు పెట్టకూడదు. నూనె కాగకూడదు. కారం లేదు, ఉప్పు లేదు. తల్లి చల్లదనం కోరి వస్తుందట. పోపు వాసన తగిలితే ఒళ్ళు మండుతుందట.

"మండితే ఏమైతది?" అని ఎదురింటి పెద్దమ్మను అడిగాను. ఆమె మా కోసం మజ్జిగ తెచ్చి, గుమ్మం బయటే నిలబడి ఇచ్చేది.

"ఏమైతదా? మా తల్లిగారింటి కాడ ఒకామె ఓర్సుకోలేక చాపలు గోలిచ్చింది. తెల్లారేసరికి పిల్లగాని కండ్లు తీస్కపోయింది తల్లి" అంది పెద్దమ్మ, మజ్జిగ వొలకకుండా గిన్నె మార్చుకుంటూ. ఆ తర్వాత నేను రోజూ పొద్దున్నే చెల్లె పక్కన కూర్చుని, అది కళ్ళు తెరిచేదాకా ఊపిరి బిగబట్టుకునేదాన్ని.

తిండి మాత్రం ఒకటే. జొన్నపిండి కుడుములు. అమ్మ కుండలో సగం నీళ్ళు పోసి, మూతికి తడిగుడ్డ గట్టిగా కట్టి, ఆ గుడ్డ మీద కుడుములు పేర్చి పైన మూత బోర్లించేది. ఆవిరికి గుడ్డ ఉబ్బి, కుడుములు మెల్లగా రంగు తిరిగేవి. వాసన బాగుండేది, నోట్లో పెట్టుకుంటేనే చప్పగా ఉండేది. మొదటి రోజు తిన్నాం. రెండో రోజు మింగాం. ఆరో రోజుకు కుడుమును చూస్తేనే నాకు ఏడుపొచ్చేది. చెల్లె అయితే నోరే తెరవలేదు. అమ్మ బతిమాలి బతిమాలి లేచిపోయాక నా చెయ్యి పట్టుకుని, "అక్కా, కారంది" అంది. పెదవులు పగిలి ఉన్నాయి. గొంతు పిల్లికూన గొంతంత ఉంది.

చెల్లె అడిగింది కదా అని చేశానంటే సగం అబద్ధం. నా నోరు కూడా చచ్చిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అమ్మ తలమీద నీళ్ళు పోసుకుని, తడిచీరతో, బిందెలో వేపాకు నీళ్ళు పట్టుకుని ముత్యాలమ్మ గుడికి పోయింది. బాపు దుకాణంలో ఉన్నాడు. అవ్వ చెల్లె మంచం పక్కన కూర్చుని, వేపమండతో విసురుతూ విసురుతూనే గోడకు తల ఆనించి కళ్ళు మూసింది. అమ్మ కలిపిపెట్టిన జొన్నపిండి వంటింట్లో ఉంది. ఉడికించిన తోటకూర ఉంది.

దుకాణంలో బస్తా చిరుగులోంచి రెండు మిరపకాయలు లాగాను. పొయ్యిలో నిప్పు ఎగదోసి, ఇనుప గంటెలో పల్లినూనె పోశాను. ఆవాలు చిటపటమన్నాయి. ఆ చప్పుడుకు పరదా వైపు తిరిగి చూశాను. ఎల్లిగడ్డ దంచి వేశాను, మిరపకాయ తుంచి వేశాను, తోటకూరలో కలిపేశాను. ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్ళీ ఇంత వేశాను. పిండిని అరచేతిలో పలచగా చేసి, కూర మధ్యలో పెట్టి మడిచాను. చిన్నవి మూడే చేశాను. కుండ మీద పెట్టి మూత బోర్లించాను.

ఘాటు లేచింది. పరదా అవతల బాపు ఒకసారి దగ్గాడు. బేరానికి వచ్చిన ఎవరో, "ఏంది సేటూ, మిరపకాయలు దంచుతున్నరా?" అని అడిగారు. బస్తాల ఘాటు అనుకుని బాపు ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ పొగ చెల్లె గదిలోకి, తల్లి దగ్గరికి నడిచిపోతున్నట్టే కనిపించింది. అప్పుడు అర్థమైంది ఏం చేశానో. గంటె నీళ్ళలో ముంచితే సుయ్‌మంది. కడగడం మాని చెవులు మూసుకున్నాను.

అయినా కుడుములు ఉడికే దాకా ఆగాను. ఆ మాట ఒప్పుకోవాలి. భయం ఒకవైపు, నోట్లో నీళ్ళు ఒకవైపు.

ఒకటి తీసుకుపోయి చెల్లె చేతిలో పెట్టాను. అవ్వ కళ్ళు మూసుకునే ఉంది. చెల్లె వాసన చూసి నవ్వింది, ఏడు రోజుల తర్వాత మొదటిసారి. నేను మిగిలిన రెండూ పెరట్లో బూడిద గుంటలో దాచడానికి పరుగెత్తాను. తినడానికి మనసొప్పలేదు. తిరిగి వచ్చేసరికి సందు వైపు తలుపు చప్పుడైంది. అమ్మ వచ్చింది. నేను గది తలుపు వెనక నక్కాను.

తడిచీర కొంగు బిగించుకుని అమ్మ గదిలోకి వచ్చి ఆగింది. ముక్కుపుటాలు కదిలాయి. అమ్మ మొహంలో రక్తం లేదు.

"పోపు ఎవ్వలు వెట్టిన్రు?" అని అడిగింది. గట్టిగా కాదు. తల్లి ఉన్న ఇంట్లో గట్టిగా అడగకూడదు. ఆ చిన్న గొంతుకే నేను తలుపు వెనక ఇంకా లోపలికి ఒదిగాను.

అవ్వ దవడలు ఆడుతున్నాయి. ఆకువక్క నములుతోందనుకున్నాను. తీరిగ్గా మింగి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"నన్నడుగు. ఎల్లిగడ్డ కుడుము తిన్నది నేను. తప్పు నాదే."

"అత్తా!"

"ముసల్దాన్ని. నోరు ఊకోలే."

అమ్మ కింద కూలబడింది. బిందె పక్కకు ఒరిగి మిగిలిన నీళ్ళు పారాయి. "తల్లికి ఏం జవాబు చెప్తవు అత్తా? నా బిడ్డకేమన్నయితే ఎవ్వలకు చెప్పుకోవాలె?" అంది. అప్పుడు నేను బయటికి రావాలి. ఒక్క అడుగు. ఆ అడుగు వేయలేదు.

అవ్వ లేచి, చెల్లె పాదాలు కళ్ళకద్దుకుంది. "తల్లీ, ఈ జన్మల ఎల్లిగడ్డ ముట్ట. నా పిల్లను నాకిడిచిపెట్టు" అంది.

ఆ సాయంత్రానికి చెల్లె ఒళ్ళు పొయ్యిలా కాలింది. మర్నాడు ఇంకా ఎక్కువైంది. పలవరించింది. అమ్మ అవ్వను చెల్లె మంచం దగ్గరికి రానివ్వలేదు. అవ్వ వంటింటి గడప దగ్గర కూర్చుని, మెడ చాచి చూసేది. ఎండలో చెప్పుల్లేకుండా ముత్యాలమ్మ గుడికి నీళ్ళు మోసింది. పాదాలు బొబ్బలెక్కాయి. నేను ఒక్కటే పని చేశాను, భయపడ్డాను. తల్లి చెల్లెను తీసుకుపోతుందని భయం. తర్వాత నా దగ్గరికి వస్తుందని భయం. పొద్దున లేవగానే చొక్కా ఎత్తి పొట్ట చూసుకునేదాన్ని. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకోటి ఉండేది. అవ్వ నా కోసం తల్లి ముందు అబద్ధమాడింది. అబద్ధమాడినవాళ్ళను తల్లి ఏం చేస్తుందో పెద్దమ్మను అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

బాపు ఇక ఆగలేక చెల్లెను ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయాడు. సూదులు వేయించాడు. రెండు రోజులకు జ్వరం దిగింది. చెల్లెకు వేపాకు, పసుపు నీళ్ళు పోశారు. తల్లి వెళ్ళిపోయిందన్నారు. కళ్ళు రెండూ బాగున్నాయి. నేను ముత్యాలమ్మకు వంద దండాలు పెట్టుకున్నాను.

నీళ్ళు పోసిన నాలుగో రోజు, పెరట్లో చెల్లె చింతగింజలు ఏరుకుంటోంది. నేను దాని ఎడమ పక్క నుంచి పిలిచాను. పలకలేదు. ఇంకా దగ్గరికి పోయి పిలిచాను. తల ఎత్తలేదు. ఎడమ చెవి కింద చీము ఎండి చారలా ఉంది. కుడివైపుకు వచ్చి పిలిస్తే, "ఏందక్కా?" అని నవ్వింది. తల్లి కళ్ళు వదిలేసి చెవి తీసుకుపోయిందని నాకు అర్థమైంది.

తట్టు ముదిరితే చెవికి చీము పడుతుందని, అందువల్ల వినికిడి పోతుందని తర్వాత చదువుకున్నాను. పిల్లలకు చెప్పాను, పరీక్షల్లో ప్రశ్నగా కూడా ఇచ్చాను. చదివింది తలలో ఉంది, బుగులు కడుపులో ఉంది. ఆ రెండూ ఎన్నడూ కలుసుకోలేదు.

అవ్వ మాట నిలబెట్టుకుంది. పొద్దున్నే జొన్నరొట్టె, ఉత్త ఉప్పు. మేం కూర తింటుంటే ఆమెకు అమ్మ విడిగా చప్పటి పప్పు తీసేది. మొదట్లో అమ్మ కోపంతో తీసేది. ఏళ్ళు గడిచాక అలవాటుగా తీసింది. ఆ విస్తరి ముందు కూర్చున్న అవ్వను చూస్తూ నేను రోజుకు రెండు పూటలు అన్నం తిన్నాను. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూనే చదువైపోయింది, పెళ్ళయిపోయింది.

చివరి రోజుల్లో అవ్వ ఏమీ తినలేకపోయింది. అమ్మ రోట్లో ఎల్లిగడ్డ కారం నూరి, వేలి మీద ఇంత తెచ్చి, "ఇగ తిను అత్తా. పిల్ల బతికె, దానికి పెండ్లాయె. మొక్కు తీరింది" అని నోటి దగ్గర పెట్టింది. అమ్మ ఏడుస్తోంది.

అవ్వ మొహం తిప్పుకుంది. "మొక్కు మొక్కే" అంది. తర్వాత నావైపు చూసింది. నేను నోరు తెరిచాను. అమ్మ అక్కడే ఉంది. చెల్లె అక్కడే ఉంది. మళ్ళీ మూసేశాను.

ఇదంతా నిన్న, మనవరాలు ఇడ్లీపాత్రలో హోంతేలు పేర్చి మూత పెట్టాక, ఆ ఆవిరిలో నిలబడి తలుచుకున్నాను. అమ్మ లేదు, బాపు లేడు. మిగిలింది మేమిద్దరమే. ఫోను తీసి చెల్లెకు చేశాను. అది భూపాలపల్లిలో ఉంటుంది. వాళ్ళాయనది బొగ్గుబాయిలో ఉద్యోగం, రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారు.

"జర ఆగక్కా, చెవి మార్చుకుంట" అంది. ఎప్పుడూ అనే మాటే. నిన్న మాత్రం గుచ్చుకుంది.

"నీకొక మాట చెప్పాలె. నీకు తట్టు పోసినప్పుడు ఇంట్ల పోపు వెట్టింది అవ్వ కాదు. నేను."

నాకు మళ్ళీ తొమ్మిదేళ్ళు. మళ్ళీ తలుపు వెనకే ఉన్నాను.

"గిన్నేండ్లకు చెప్తున్నవా?" అంది చెల్లె.

"నీకు తెల్సా?"

"తెల్వకపోవుడేంది? కుడుము నా చేతుల వెట్టింది నువ్వే గద."

"జ్వరంల మర్చిపోయినవనుకున్న. ఒక్కనాడన్న అడగకపోతివి."

"అవ్వ వద్దన్నది. నేను సగం తిన్నంక అవ్వ కండ్లు తెరిచింది. గప్పుడే తలుపు సప్పుడైంది. నా చేతుల సగం గుంజుకోని తన నోట్లె ఏసుకున్నది. 'ఎవ్వలకు చెప్పకు బిడ్డా, అక్క బుగులు వడ్తది' అన్నది. నములుకుంటనే అన్నది."

అవ్వ దవడలు ఆడటం నాకు కనిపించింది. ఆకువక్క కాదు.

"అంటే, అవ్వ అబద్ధమాడలేదా?"

"తల్లి ఎదురుంగ అవ్వ అబద్ధమాడుతదా? తిన్నది, తిన్ననని చెప్పింది."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. "మరి నీ చెవి..." అన్నాను.

"నా చెవి తట్టుతోని పోయింది. నీ పోపుతోని కాదు. మా పిల్లలకు టీకాలు ఏపిచ్చుమని ఎంటవడి ఎంటవడి చంపినవు, గది నీకు తెల్వదా?" అని కసిరింది. కసిరి, తనే మెత్తబడింది. "అక్కా, ఏడుస్తున్నవా? అవ్వ ఇంకో మాట గూడ అన్నది ఆనాడు."

"ఏమన్నది?"

"'పోరి ఉప్పు ఎక్కువేసింది' అన్నది."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. మనవరాలు కంగారుగా వచ్చి నన్ను చూసి, ఏమీ అడగకుండా, పొగలు కక్కుతున్న హోంతే ఒకటి పళ్ళెంలో పెట్టి చేతికిచ్చింది. కొరికాను. గోలించకపోయినా ఎల్లిగడ్డ ఘాటు నాలుకకు తగిలింది. సగం తిని, మిగిలిన సగం చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"ఎట్లున్నది అమ్మమ్మా?" అంది.

"ఉప్పు జర ఎక్కువైంది" అని, ఆ సగం కూడా నోట్లో వేసుకున్నాను.